జనవరిలో పోదాం, టీచర్

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను రాంగోపాల్‌పేట్‌లో మా ట్రావెల్స్ కొట్లో కూర్చుని, ఓ పెద్ద కుటుంబానికి షిర్డీ బస్సులో కింది బెర్తులు వెతుకుతున్నాను. అవతల మా సోషల్ టీచర్ చెల్లెలు. "ఆపా పోయింది బేటా," అంది. అక్కను ఆవిడ ఎప్పుడూ ఆపా అనే పిలిచేది. "పొద్దుగాల చాయ్ తాగింది. కప్పు కింద పెట్టి, జెర గాలాడ్తలేదు అన్నది. గంతే." నేను "సరే" అన్నాను. సరే ఏమిటి, నా మొహం! ఫోన్ పెట్టేసి, వాళ్ల బెర్తులన్నీ బుక్ చేసి, అందులో ముసలాయనకు కిటికీ పక్కది మార్చి ఇచ్చి, వాళ్లంతా మెట్లు దిగాక అప్పుడు లేచాను. ఆ రోజు నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఇప్పటికి ఐదుసార్లు లేచాను. చదివే మీరు కొంచెం ఓపిక పట్టాలి.

ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా చిలకలగూడ బడిలో మాకు సోషల్ చెప్పింది ఆవిడే. క్లాసులో టీచర్‌కి వేసిన కుర్చీ ప్రపంచ పటం ఆనించడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాలేదు. ఆవిడ కూర్చోగా మేమెవరం చూడలేదు. చాక్‌పీసు పట్టుకుని బెంచీల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే పాఠం చెప్పేవారు. ఆఫ్రికా మొదటి బెంచీ దగ్గర మొదలైతే చివరి బెంచీకి వచ్చేసరికి ఎడారి దాటేసేవాళ్లం. ప్రశ్న వేస్తే అందరి చేతులూ లేచేవి, నాది తప్ప. తప్పు చెబితే నవ్వుతారని నా భయం. ఒకరోజు నా దగ్గర ఆగి, "తెల్వదని చెప్పుడు తప్పు గాదే. చెయ్యి లేపకపోవుడు తప్పు," అన్నారు. అయినా నేను లేపలేదు.

నోరు మూసుకుంటే మాత్రం తప్పించుకున్నానా? పరీక్ష పేపర్లో 'డిసెంబరులో ప్రపంచమంతటా చలికాలం' అని రాసి దొరికిపోయాను. చెవి పట్టుకుని పటం దగ్గరికి తీసుకెళ్లి, భూమధ్యరేఖ మీద వేలుతో గీసి చూపించారు. "గీ గీత కింద వేరే లోకమున్నది. మనకు చలైతే వాళ్లకు ఎండ. మనకు ఎండైతే వాళ్లకు చలి. మన తాన ఉన్నట్లే అంతట ఉంటదనుకోకు." ఈ చివరి మాట పెళ్లయ్యాక అత్తగారింట్లో నాకు బాగా పనికొచ్చింది.

పోయిన ఏడాది దసరా సెలవులు అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆవిడ మా కొట్టు మెట్లెక్కి వచ్చారు. రిటైరై పదేళ్లు దాటింది. చిలకలగూడ నుంచి నడిచే వచ్చానన్నారు. కుర్చీ జరిపితే కూర్చోలేదు. పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా బల్ల మీద పరిచారు. పళ్ల డాక్టరు దగ్గర తన వంతు కోసం చూస్తూ, అక్కడున్న మ్యాగజైన్లోంచి చింపుకొచ్చిన పేజీ అది. పుస్తకంలో పేజీ మూల మడిచినా మాకు బెత్తం దెబ్బ పడేది!

పేజీలో నీలం సముద్రం, ఒడ్డు పొడుగునా తెల్లటి మేడలు, ఇసుకలోంచి పైకి లేచిన ఐదు సిమెంటు వేళ్లు. ఒక్కో వేలు మనిషి కంటే ఎత్తు. మనిషంతా ఇసుకలో కూరుకుపోయి చెయ్యొక్కటే మిగిలినట్టుంది. నాకైతే భయమేసింది.

"గిదేం ఊరు టీచర్?"

"పుంటా దెల్ ఎస్తే. ఉరుగ్వేల ఉన్నది. ఏదీ, ఉరుగ్వే ఏడుందో చెప్పు?"

నలభై ఏడేళ్లదాన్ని, కొట్టు యజమానురాలిని, బిక్కమొహం వేశాను.

"బ్రెజిల్ కింద," అన్నారు జాలిగా. తర్వాత ఆ బొమ్మ మీద వేలు పెట్టారు. "గీన్ని సూడు. ఎవడో చెయ్యి లేపిండు. ఏదో డౌటున్నది పాపం. ఎవలూ పోయి చెప్తలేరు. నేను పోవాలె."

నవ్వబోయి ఆగిపోయాను. ఆవిడ నవ్వడం లేదు.

మాది తిరుపతి, షిర్డీ, మహా అయితే దుబాయి టికెట్లు చేసే కొట్టు. ఇరవై ఏళ్లుగా ఊరందరినీ విమానాలెక్కిస్తున్నాను గానీ నేనెన్నడూ ఎక్కలేదు. ఆ సంగతి ఎలా పసిగట్టారో, "నువ్వు సుత వస్తున్నవ్," అన్నారు. అడగలేదు, చెప్పారు. చెల్లెలికి మోకాళ్ల తక్లీఫు, రాలేనంది. పైగా వెక్కిరించింది కూడా. "గా షోకిలోళ్ల ఊర్ల మీరేం జేస్తరు ఆపా? అంత పడవలు, జూదం, సినిమావాళ్లంట!" టీచర్ తడుముకోకుండా, "షోకు జేస్త," అన్నారు.

అక్కడినుంచి ఇద్దరికీ ఒకటే ధ్యాస. ఆ ఊరు సముద్రంలోకి పొడుచుకుపోయిన సన్నటి నేల ముక్క. ఒకవైపు పెద్ద అలలు, ఇంకోవైపు నది వచ్చి కలిసే నిదానమైన నీళ్లు. పొద్దు పొడవడం ఒక ఒడ్డున చూసి, పొద్దు గూకడం రెండో ఒడ్డున చూడొచ్చు, మధ్యలో నడిస్తే పది నిమిషాలు. అందుకని సరిగ్గా కొసన గది కావాలన్నారు. నేను ఒక హోటల్ ఖాయం చేస్తే మర్నాడు వచ్చి వద్దనేవారు. పది రోజులకూ రూళ్ల నోటుబుక్కులో టైంటేబుల్ వేశారు, పీరియడ్ల లెక్కన. మొదటి పీరియడు ఉదయపు ఒడ్డు. లంచ్ బెల్ తర్వాత చేపల రేవు. చివరి పీరియడు దగ్గర, 'ఊరికే సముద్రం చూచుట' అని రాశారు.

మోండా మార్కెట్లో నల్ల కళ్లద్దాలు కొన్నారు. కొని సంచీలో వేసుకోకుండా, అవి పెట్టుకునే వంకాయలు ఏరారు. కూరగాయలామె, "ఏందమ్మా, కండ్ల ఆపరేషనైందా?" అనడిగింది.

"లేదు, ఊరికి పోతున్న," అన్నారు టీచర్. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి మీరు.

ప్రయాణం మే నెలలో అనుకున్నాం. నాకూ అనుమానం రాలేదు, ఆవిడకూ రాలేదు. ముప్పై ఏళ్ల పైన బడిలో పనిచేసిన మనిషికి ఊరికి పోవడమంటే ఎండాకాలం సెలవులే. "సెలవుల్ల గాక ఇంకెప్పుడు పోతరే?" అనేవారు. ఫిబ్రవరిలో హోటల్ వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. మీరు వచ్చేటప్పటికి మాకు చలి మొదలవుతుంది, రెస్టారెంటు మూసి ఉంటుంది, గదిలో హీటరు ఉంది, వెచ్చటి బట్టలు తెచ్చుకోండి అని.

నేను రెండుసార్లు చదివాను. ఆవిడ కొట్టుకు వచ్చినప్పుడు ఫోన్ చేతికిచ్చాను. కళ్లద్దాలు మార్చుకుని చదివారు. తర్వాత కుడిచేత్తో తన చెవి తానే పట్టుకుని గట్టిగా మెలేసుకున్నారు. "ముప్పై ఏండ్లు జెప్పిన. ముప్పై ఏండ్లు!" అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వాం. పక్క కొట్టు అతను తొంగి చూసి వెళ్లాడు.

నవ్వు ఆగాక ఆవిడ అన్న మాట ఇదీ. "అయితే ఏమైందిప్పుడు? మేలనే పోదాం. చలిలో సుత సముద్రం ఉంటది గద. నాకు షాలున్నది."

నేనొప్పుకోలేదు. జీవితంలో మొదటిసారి ఆవిడ సబ్జెక్టులో ఆవిడ కంటే నేను రైటు. ఆ గర్వం కూడా నెత్తికెక్కిందేమో, ఇప్పుడు దాచుకుని ఏం లాభం? "గంత దూరం పోయి మూసిన తలుపులు సూసొస్తమా? జనవరిల పోదాం టీచర్. అప్పుడు వాళ్లకు అసలైన ఎండాకాలం," అన్నాను.

ఆవిడ కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చారు. "జనవరిల బడి ఉంటది గదనే," అన్నారు. ఆ తర్వాత తనకే నవ్వొచ్చింది. "సరే తియ్. టికెట్లదానివి నువ్వు. నీ మాటే కానీ."

జనవరికి రెండు టికెట్లు చేశాను. మే వచ్చింది. రోడ్డు మీద తారు కరిగే ఎండలో ఆవిడ నడిచి వచ్చి మా ఫ్యాను కింద నిలబడేవారు. కూర్చోండి టీచర్ అంటే, "కూసుంటే గా ఊరు యాదికొస్తది," అనేవారు. ఒకరోజు గోడ గడియారం చూసి, "ఇప్పుడు గాడ తెల్లారుతుంటది," అని వెళ్లిపోయారు. దెప్పిపొడుపు కాదది, ఆవిడకు ఆ గుణం లేదు. కానీ ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. జనవరి ఎంతలో వస్తుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆగస్టులో ఆవిడ పోయారు. ఆడవాళ్లం గుమ్మం దాకే వెళ్లాం. మా బ్యాచి మగపిల్లలు, ఇప్పుడు బట్టతలలవాళ్లు, ఆవిడ్ని మోసుకుంటూ సందు మలుపు తిరిగారు.

మొన్న నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయ్యాక చెల్లెలు నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లింది. మంచం కింద పెట్టె ఉంది. తెరిస్తే, ఊలు సాక్సులు, కోటు, నాలుగు మడతలు వేసిన షాలు. అక్కడి మే నెల చలికి సర్దుకున్న పెట్టె అది. జనవరికి సరే అన్న రోజే ఇంటికెళ్లి సర్దారట, ఆ తర్వాత విప్పలేదు. పైన మోండా మార్కెట్ కళ్లద్దాలు మాత్రం చేర్చారు. మే నెలకే పోయి ఉంటే ఆవిడ ఆ షాలు కప్పుకుని, పది సాయంత్రాలు ఆ ఒడ్డున నిలబడి ఉండేవారు. మూసిన రెస్టారెంటుతో ఆవిడకేం పని? నేను ఆగమన్నాను, ఆవిడ ఆగారు. దీన్ని ఎటు తిప్పి చెప్పుకున్నా ఇంతే.

చెల్లెలు షాలు తీసి నా చేతుల్లో పెట్టింది. "నువ్వన్న పో బేటా. ఎవరో అడుగుతున్నరని ఆపా రోజు పరేషానయ్యేది. ఎవరన్న పోవాలె గద."

"నాకు సోషల్ రాదు," అన్నాను. ఏడుపు గొంతులో అది నవ్వులా వినిపించిందో ఏమో, ఆవిడ నా వీపు తట్టింది.

నా టికెట్టు ఇంకా క్యాన్సిల్ చెయ్యలేదు. ఆవిడ టికెట్టు కూడా చెయ్యలేదు. రోజుకు రెండు మూడుసార్లు ఆ బటన్ దాకా వేలు వెళ్లి వెనక్కి వస్తోంది. మ్యాగజైన్ పేజీ ఇప్పుడు నా బల్ల ఎదురుగా గోడకు అంటించి ఉంది. షిర్డీ అడిగేవాళ్లు, తిరుపతి అడిగేవాళ్లు దాని వంక ఒకసారి చూసి, మళ్లీ సీట్ల మాటలో పడతారు. మేలోనే పోదామని మీరు గట్టిగా ఎందుకనలేదు టీచర్? చిన్నప్పుడు ఒక్కనాడూ చెయ్యి లేపని నాకు, ఆవిడను అడగాల్సిన ప్రశ్న ఇన్నేళ్లకు ఒకటి దొరికింది. ఎదురుగా గోడ మీద ఆ ఐదు వేళ్లూ ఇసుకలోంచి అలాగే లేచి ఉన్నాయి. దించమని చెప్పేవారు లేరు.