బాపు కాలుకి కొరియర్ చార్జీ

సిరిసిల్లలో మా మేనత్త సొంతిల్లు కట్టుకుంది. ఆదివారం గృహప్రవేశం. సరిగ్గా ఆ వారమే, మంగళవారం పొద్దున, మా బాపు పెట్టుడు కాలు పాదం దగ్గర పగిలింది.

బాపు తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. మేడిపల్లి దగ్గర ఒకనాడు వాన వెలిసిన తెల్లారి తాడిచెట్టు మీద నుంచి జారి పడ్డాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. అప్పటికే నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తున్నాను. బాపును మా ఇంటికి తెచ్చుకున్నాం. హైదరాబాదులో పెట్టుడు కాళ్లు చేసే ఒక కేంద్రం వాళ్లు కొలతలు తీసుకుని, పైసా అడగకుండా కాలు చేసి ఇచ్చారు. దాని మీదనే ఆయన పాలకు పోతాడు, టీ తాగొస్తాడు, నా మీద అలిగితే బస్టాండు దాకా పోయి కూర్చుంటాడు.

కేంద్రానికి ఫోన్ చేస్తే, అక్కడి మనిషి చాలా మర్యాదగా చెప్పాడు. పెద్దాయన రానక్కర్లేదట, కాలు పంపితే చాలట. పాదం మార్చి మర్నాడే తిరిగి పంపిస్తామన్నాడు.

"గింత కథెందుకు బాపు, చంక కర్రలు పట్టుకోని రా. ఫంక్షన్‌ల కుర్చీల కూసుందువు," అన్నాను.

బాపు నన్ను వింతగా చూశాడు. "రెండు చేతులు కర్రలు పట్టుకుంటే చెల్లె ఒడిల బియ్యం ఎట్ల పొయ్యాలె బిడ్డ? పుట్టింటోళ్లంటే ఇగ నేనొక్కన్నే గదా."

ఎలక్ట్రికల్ దుకాణంలో అడిగి స్టాండ్ ఫ్యాన్ వచ్చిన ఖాళీ డబ్బా తెచ్చాను. బాపు కాలును తన పాత లుంగీలో చుట్టి అందులో పెట్టాను. సాయంత్రం బడి వదిలాక కోరుట్లలోనే ఉన్న కొరియర్ దుకాణానికి పోయాను.

అక్కడ కూర్చున్నాయన డబ్బాను త్రాసు మీద పెట్టాడు. రెండు కిలోల చిల్లర వచ్చింది. తర్వాత టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు. ఫోన్‌లో ఏవో అంకెలు నొక్కి, "ఎనిమిది కిలోల పావు, మేడం," అన్నాడు.

"ఇప్పుడే రెండు కిలోలన్నరు గదా?"

"గది తూకం. ఇది డబ్బా సైజు లెక్క. మూడు కొలతలు గుణించి అయిదు వేలతోని భాగిస్తం. రెండిట్ల ఏది ఎక్కువుంటే గదే బిల్లు."

"మిగిలిందంతా గాలే గదన్నా లోపల."

"గాలికి గూడ బండ్ల జాగ కావాలె గదా మేడం," అన్నాడాయన. ఇలాంటి మాట రోజుకు పది మందికి చెప్పేవాడిలా ఉన్నాడు.

అసలు చిక్కు ఇంకొకటుంది. తెల్లారేసరికి అందే ఓవర్‌నైట్ సర్వీసు వాళ్ల దగ్గర లేదు. ఇక్కడ ఇస్తే రేపు జగిత్యాల పోతుంది, అక్కడి నుంచి హైదరాబాదుకు ఎప్పుడు పోతుందో చెప్పలేమన్నాడు. నేనే జగిత్యాల పోయి, మధ్యాహ్నం రెండు లోపల అక్కడి ఆఫీసులో ఇస్తే మర్నాడే అందుతుందట. దానికి చార్జీ పన్నెండు వందల నలభై. మామూలుగా పంపితే నాలుగు వందల లోపే, కానీ శనివారానికి కాలు తిరిగి రాదు. డబ్బా ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను.

బాపుకు చెప్పాను. అంతా విని మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు ఆడోళ్లకు బస్సుల టికెట్ లేదు గదా?"

"లేదు."

"అంటే నువ్వు హైదరాబాద్ పోతే ఫ్రీ. నా కాలు ఒక్కటే పోతే పన్నెండు వందలు. నువ్వు నా కాలు పట్టుకోని పోతే?"

"ఫ్రీయే."

"మరి?"

మరి నాకు సెలవు లేదు. బడిలో పరీక్షలు. ఒక్కరోజు మానేస్తే జీతం కోస్తారు, పైగా హెడ్‌మాస్టర్ మొహం మాడ్చుకుంటాడు. ఇదంతా చెప్పాను. చెప్తుంటే నాకే తికమకగా అనిపించింది. నేను అరవై కిలోల మనిషిని. పైసా ఖర్చు లేకుండా పోయి రాగలను. రెండు కిలోల కాలు పోవడానికి మాత్రం నా రెండు రోజుల జీతం కావాలి. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో లెక్కల సార్‌ను అడిగాను. ఆయన కాగితం మీద గుణించి, భాగించి, "లెక్క కరెక్టే మేడం, ఎనిమిది పాయింట్ రెండు అయిదు," అన్నాడు. లెక్క తప్పని నేను ఎప్పుడూ అనలేదు.

రెండో పీరియడ్ తర్వాత పర్మిషన్ తీసుకుని జగిత్యాల బస్సెక్కాను. సీటు దొరకలేదు. మేడిపల్లి దాటేదాకా డబ్బాను పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడ్డాను. రోడ్డు పక్క తాళ్లు కనిపించాయి. బాపు పడ్డ చెట్టు ఏదో నేను ఎప్పుడూ అడగలేదు.

జగిత్యాల ఆఫీసులో కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ఉంది. కంప్యూటర్‌లో చూస్తూనే అడిగింది.

"లోపల ఏమున్నదక్కా?"

"కాలు."

ఆమె తలెత్తింది. "ఎవలది?"

"మా బాపుది."

నా వెనక నిలబడ్డ ఇద్దరు కొంచెం పక్కకు జరిగారు. నేను గబగబా పెట్టుడు కాలని, రిపేరుకు పంపుతున్నానని చెప్పాను. ఆమె డబ్బా విప్పించి, లుంగీ తీసి చూసి, మళ్లీ తనే జాగ్రత్తగా చుట్టింది. తర్వాత అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను.

"వస్తువు విలువ ఎంత రాయాలె?"

"అది ఉత్తగ ఇచ్చిన్రు. బిల్లు లేదు."

"సున్నా రాస్తే సిస్టం తీసుకోదక్కా. ఎంతో కొంత చెప్పున్రి. మధ్యల పోతే గంతే ఇస్తరు."

మధ్యలో పోవడమనే మాట అప్పటిదాకా నాకు తట్టనేలేదు. బాపుకు ఫోన్ చేశాను. "బాపు, నీ కాలు కిమ్మతు ఎంతని రాయాలె? అడుగుతున్నరు."

అవతల టీవీ సౌండ్ తగ్గింది. "పోయిన కాలుకు సర్కారు ఎంతిచ్చిందో గంతే రాయి," అన్నాడు.

చెట్టు మీద నుంచి పడ్డప్పుడు వచ్చిన సాయం మాట అది. నేను ఆ అంకె చెప్పాను. ఆమె కంప్యూటర్‌లో కొట్టింది. చార్జీ ఒక్కసారిగా పెరిగి, నా పర్సులో ఉన్నదాన్ని దాటిపోయింది. విలువ ఎక్కువ రాస్తే దాని మీద వేరే రుసుము పడుతుందట.

"తక్కువ రాస్తే?"

"రెండు వేలు రాయున్రి. ఏం పడది."

రెండు వేలని రాసి సంతకం పెట్టాను. బాపు కాలును నేనే తక్కువ చేసినట్టనిపించింది. కానీ ఎక్కువ చేయాలంటే డబ్బు నేనే కట్టాలి. ఇందులో న్యాయమేదో అన్యాయమేదో తేల్చుకోకముందే ఆ అమ్మాయి రసీదు చింపి చేతికిచ్చింది. బాపుకు చూపించొద్దని దాన్ని పర్సు లోపలి అరలో పెట్టుకున్నాను.

గురువారం పదకొండు గంటలకు కాలు అందిందని మెసేజ్ వచ్చింది. పన్నెండు వందల నలభైకి మాట నిలబెట్టుకున్నారు. శుక్రవారం, తిరిగి పంపుతున్నామని కేంద్రం నుంచి మెసేజ్. చార్జీ మాత్రం అందుకున్నప్పుడు మేమే కట్టాలి. శనివారం పొద్దున ఫోన్ చూశాను. మీ పార్సిల్ సిరిసిల్ల చేరింది, అని ఉంది.

కంపెనీ నంబర్‌కు చేశాను. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, మళ్లీ ఒకటి నొక్కమంది. మనిషి గొంతు వినిపించనేలేదు. "కోరుట్లకు రావాల్సింది సిరిసిల్లకు ఎట్ల పోయింది?" అని ఇల్లంతా తిరుగుతుంటే, మంచం మీద కూర్చున్న బాపు గొంతు సవరించుకున్నాడు.

"నేనే చెప్పిన, బిడ్డ."

"ఏం చెప్పినవ్?"

"వాళ్లకు ఫోన్ చేసి అత్త ఇంటికి పంపుమన్న. హైదరాబాద్‌కు మనకన్న సిరిసిల్ల దగ్గర గదా. దగ్గరైతే తక్కువ పడ్తదనుకున్న. నీకు చెప్తే వద్దంటవని చెప్పలె."

కోపం రావాలి. వచ్చిందో రాలేదో కూడా తెలియలేదు. ఆ మధ్యాహ్నమే చంక కర్రలతో బాపును తీసుకుని, వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరాను.

అత్త గుమ్మంలోనే మమ్మల్ని పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. "పార్సిల్ అస్తే ఎవలో గిఫ్టు పంపిన్రనుకున్న. అయిదు వందల నలభై కట్టుమంటే, పైసలు కట్టే గిఫ్టేందిరా అనుకుంట కట్టిన. తెరిస్తే అన్న కాలు! నా పానం పోయినంత పనైంది."

కొత్త హాల్లో, రంగు వాసన మధ్య, ఒక శుభ్రమైన తువ్వాలు మీద కాలు ఉంది. రెండు ముక్కలుగా ఉంది. పిక్క ఒక పక్క, కొత్త పాదం ఇంకో పక్క. చిన్న పాలిథిన్ కవర్లో ఒక బోల్టు.

కేంద్రానికి ఫోన్ చేశాను. "విడదీస్తే చిన్న డబ్బాలో పట్టింది మేడం, మీకు చార్జీ సగానికి సగం తగ్గింది," అన్నాడు ఆ మర్యాదస్తుడు సంతోషంగా. "బోల్టు బిగిస్తే చాలు."

ఎవరు బిగించాలి? అత్త తను పనిచేసిన షెడ్డు నుంచి మరమగ్గాలు బాగుచేసే జాబర్‌ను పిలుచుకొచ్చింది. యాభై ఏళ్ల మనిషి. పనిముట్ల సంచి కింద పెట్టి, కాలును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మగ్గమైతే కండ్లు మూసుకోని బిగిస్త. కాలు ఎన్నడు బిగియ్యలె పెద్దాయనా. నొస్తే చెప్పు."

"అది నొయ్యదు. నువ్వు బిగియ్యి," అన్నాడు బాపు.

మొదటిసారి పాదం లోపలికి తిరిగింది. బాపు గోడ పట్టుకుని మూడడుగులు వేసి తల అడ్డంగా ఊపాడు. జాబర్ విప్పి మళ్లీ బిగించాడు. ఈసారి బాగా బయటికి. అలా నాలుగుసార్లు. చివరికి కొంచెం బయటికి తిరిగి ఉన్నప్పుడు బాపు గోడ వదిలేశాడు, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జాబర్ డబ్బులు తీసుకోలేదు, గృహప్రవేశానికి భోజనానికొస్తానన్నాడు.

ఆదివారం పొద్దున అత్త పీట మీద కూర్చుని కొంగు పట్టింది. బాపు దోసిలి నిండా పసుపు బియ్యం తీసుకుని, కొత్త పాదం పక్కకు తిరిగి ఉన్నా కదలకుండా నిలబడి, వంగి ఆమె ఒడిలో పోశాడు. ఒక్క గింజ కింద పడలేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన మాటలన్నీ చార్జీ గురించే. "చూసినవా, దగ్గరైతే తక్కువ పడ్తదని నేనంటనే ఉన్న." డబ్బా చిన్నదైనందుకు తగ్గిందని చెప్పాను. నమ్మలేదు. సోమవారం సాయంత్రం నాదీ, అత్త కట్టినదీ రెండు రసీదులూ పట్టుకుని కోరుట్ల కొరియర్ ఆయన దగ్గరికి పోయాను. ఏది నిజమో చెప్పమన్నాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"రెండూ గాదు మేడం. గా కేంద్రమోళ్లకు కంపెనీతోని అకౌంట్ ఉంటది. వాళ్ల రేటే వేరు. మనసొంటోళ్లకు గా రేటు రాదు."

"అయితే డబ్బా సైజు?"

"అది గూడ ఉంటది."

"దూరం?"

"కొంచెం గది గూడ."

ఎవరికీ తెలియదా, అందరికీ తెలిసి నాకొక్కదానికే అర్థం కాలేదా, ఏదీ తేలకుండానే దుకాణం దిగాను.

ఆ తర్వాత కేంద్రం వాళ్లు కాలు ఎలా ఉందని ఫోన్ చేస్తే ఉన్నది చెప్పాను. పాదం బయటికి తిరిగి ఉండటం మంచిది కాదని, కాలు ఇంకోసారి పంపితే సరిచేస్తామని అన్నారు. బాపు అప్పుడు పాలకు బయలుదేరుతున్నాడు.

"పంపుదామా బాపు?"

"ఈసారి ఎంత పడ్తదంట?"

"తెల్వది," అన్నాను. నాకు నిజంగానే తెలియదు.

"తెలిసినంక చూద్దాం తియ్యి," అని పాలగిన్నె అందుకుని, కుడి పాదం కొంచెం పక్కకు వేసుకుంటూ వీధి మలుపు దాకా నడిచి పోయాడు.