మా అన్న పటాలం, మా ఆయన పటాలం

మొన్న ఆదివారం పొద్దున వంటింటి గడప దగ్గర పీట వేసుకుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాను. ముందు గదిలో మా మనవరాలు ఏదో పోటీ పరీక్షకని సైన్యం గురించిన పాఠం పైకి వల్లె వేస్తోంది. సెక్షన్, ప్లాటూన్, కంపెనీ, బెటాలియన్ అంటూ సరిగ్గానే మెట్లెక్కింది కానీ, రెజిమెంటు దగ్గరికి వచ్చేసరికి అది ఒకే ఊళ్ళో, ఒకే చోట ఉండే దండు అన్నట్టుగా చెప్పేసింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. రెజిమెంటంతా ఒకచోట ఉండదమ్మా, దాని బెటాలియన్లు ఒకటి మంచుకొండల్లో ఉంటే ఇంకొకటి ఎడారిలో ఉంటుంది, అవి కాక ఏడాదికి రెండు నెలలు మాత్రమే పనిచేసేది కూడా ఒకటి ఉండవచ్చు అని కూర్చున్నచోటు నుంచే అందించాను. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చి, ముప్పై ఏళ్ళు ఎక్కాలు చెప్పిన అవ్వకు ఇవన్నీ ఎవరు చెప్పారని నా ముఖంలోకి చూసింది. చెప్పడమా, ఆ రెండు రకాల పటాలాల మధ్య నేను తొమ్మిదేళ్ళు నలిగాను కదా.

మాది కుప్పం పక్కన పల్లె, రాగి, వేరుసెనగ పండే మెట్ట సేద్యం. మా అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద. పద్దెనిమిది నిండీ నిండకముందే పటాలంలో చేరిపోయాడు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో సెలవు మీద సిపాయి వస్తే ఆ ఇంటికి పెళ్ళికళ వచ్చేది. తెల్ల అక్షరాలతో పేరు రాసిన నల్ల ట్రంకుపెట్టెతో అన్న కుప్పం స్టేషనులో దిగేవాడు. మా నాయన బండి కట్టుకుని పోయేవాడు, ఎద్దుల మెడలకు ఆ రోజు గంటలు కట్టకపోతే అమ్మ ఊరుకునేది కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్న చుట్టూ చేరి మేమంతా కతలు వినేవాళ్ళం. ఒకసారి చేటలో ఉన్న వేరుసెనక్కాయలతోనే సైన్యాన్ని మొత్తం పరిచి చూపించాడు. పది కాయలు కుప్ప పోసి ఇది సెక్షన్ అన్నాడు. అలాంటి మూడు కుప్పలు ప్లాటూన్, మూడు ప్లాటూన్లు ఒక కంపెనీ, నాలుగు కంపెనీలూ వాటి వెనక వంటవాళ్ళూ డ్రైవర్లూ బరువు తుపాకులవాళ్ళూ కలిస్తే బెటాలియన్. మరి రెజిమెంటో అని అడిగితే, చేటలో కాయలు చాలవని నవ్వి, బెటాలియన్ ఇల్లయితే రెజిమెంటు వంశం, ఇళ్ళు ఎక్కడెక్కడ ఉన్నా ఇంటిపేరు ఒకటే అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు ఎంత అర్థమయిందో తెలియదు కానీ, మరుపు మాత్రం రాలేదు.

నాకు ఇరవయ్యో ఏట పెళ్ళయి మదనపల్లెకు వచ్చాను. మా ఆయనది కురబలకోట, పని మదనపల్లెలో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో. చెక్కపని చేతిలో ఉన్న మనిషి, మాట తక్కువ. ఆయనకూ చిన్నప్పటి నుంచి పటాలం మీద మనసే, కానీ ఒక్క కొడుకని మా అత్త ఒట్టు వేయించుకుని ఆపేసింది. పెళ్ళయిన ఏడాదికి ఎవరో చెప్పగా టెరిటోరియల్ ఆర్మీ సంగతి తెలిసింది. ఏదో ఒక పనిలో ఉన్నవాళ్ళనే అందులోకి తీసుకుంటారు, ఏడాదికి రెండు నెలలు శిక్షణ, మిగిలిన పది నెలలు ఎవరి బతుకు వాళ్ళది, దేశానికి అవసరం పడితే మాత్రం ఎక్కడి పని అక్కడ వదిలి పోవాలి. రెండు నెలలే కదా అని మా అత్తకు నేనే నచ్చజెప్పాను. అలా మా ఆయన రిజర్వు సిపాయి అయ్యాడు.

ఆ రెండు నెలలు ఇంట్లో మా అత్తా నేనూ అంత సందడిగా ఎప్పుడూ ఉండలేదంటే నమ్ముతారో లేదో. ఆయన ఉంటే పథ్యంలాగా ఒకే తీరు వంట. ఆయన రైలెక్కిన మర్నాటి నుంచి మాకు ఇష్టమైనవన్నీ వండుకునేవాళ్ళం. తిరిగి వచ్చేసరికి మనిషి నల్లబడి, నడక మారి, హిందీ నాలుగు ముక్కలు నేర్చి వచ్చేవాడు. తెల్లవారగానే మా అమ్మాయిని, అబ్బాయిని వాకిట్లో నిలబెట్టి సావధాన్ అనేవాడు, వాళ్ళు విశ్రామ్ దాకా ఆగకుండా బడికి పరిగెత్తేవాళ్ళు. షెడ్డులో యజమాని కూడా ఆయన చోటును వేరే వాళ్ళకు ఇవ్వకుండా రెండు నెలలు అలాగే ఉంచేవాడు, ఆ మంచితనం ఇప్పటికీ తలుచుకుంటాము.

మా పిల్లలు ఇంకా పుట్టకముందు, ఆయన రెండో ఏడాది శిక్షణ ముగించుకుని వచ్చిన కొత్తల్లో, మా అన్న సెలవు మీద మా ఇంటికి వచ్చాడు. నేను సంగటి, కోడికూర వండాను. వడ్డిస్తున్నంతసేపూ ఇద్దరూ తుపాకుల గురించి, కవాతుల గురించి మాట్లాడుకుంటుంటే నాకు లోపల పొంగిపోయింది. ఎక్కడ తేడా వచ్చిందో తెలియదు, మా ఆయన మా బెటాలియన్ అన్నప్పుడో ఏమో, అన్న నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి ఉంది.

“రెండు నెల్లు సిపాయి, పది నెల్లు వడ్రంగి. ఇది పటాలమా అప్పా, తిరనాళ్ళలో కట్టే వేసమా?”

మా ఆయన కంచం ముందు నుంచి లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడి, “నీకది జీతం బావా. నాకది ఇష్టం,” అన్నాడు.

అంతే. పదమూడేళ్ళు మంచులో, ఎండలో నిలబడి వచ్చిన మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అన్న సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. ఆ తరువాత తొమ్మిదేళ్ళు ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అన్న సెలవు మీద వచ్చినప్పుడు నేను కుప్పం పోతే మా ఆయనకు కష్టం, పోకపోతే అమ్మకు కష్టం. చివరికి అమ్మే దారి కనిపెట్టింది. పుంగనూరులో మా పిన్నమ్మ ఉండేది. అమ్మ కుప్పం నుంచి, నేను మదనపల్లె నుంచి బస్సెక్కి ఆమె ఇంట్లో కలుసుకునేవాళ్ళం. పిన్నమ్మ ఇంటి ముందు మా నడుముకు మించని పొట్టి ఆవు ఉండేది, దాని పాలతో కాఫీ పెట్టి ఇచ్చేది. అమ్మ కొంగులో కట్టి తెచ్చిన కొబ్బరి మిఠాయి మా పిల్లలకు, నేను తీసుకుపోయిన పట్టురవికె గుడ్డ మా వదినకు. సాయంత్రం ఎదురెదురు బస్సులెక్కి వెళ్ళిపోయేవాళ్ళం. బస్సు కదిలేటప్పుడు అమ్మ కిటికీలోంచి ప్రతిసారీ ఒకటే అనేది, మగవాళ్ళ పంతం మనం మోస్తున్నామే అని.

ఈ మధ్యలో మా ఆయనకు ఒకసారి పిలుపు వచ్చి ఏడాదికి పైగా సరిహద్దు వైపు కాపలా పనిలో ఉండి వచ్చాడు. నాయక్ అయ్యాడు, హవల్దార్ అయ్యాడు, పదకొండో ఏట నాయబ్ సుబేదారై, ముప్పై మంది ఉన్న ఒక ప్లాటూన్ ఆయన చేతికి వచ్చింది. మా అన్న మాత్రం ఏడాది పొడవునా ఉండే రెగ్యులర్ పటాలంలో, అక్కడ పైమెట్టుకు పోటీ ఎక్కువ, ఒక మెట్టు కింద హవల్దార్ దగ్గరే ఆగి ఉన్నాడు.

ఆ ఏడాది శిక్షణకు పోయిన వారానికి మా ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఎప్పుడూ క్షేమం, వాతావరణం తప్ప రాయని మనిషి, మొదటి పంక్తిలోనే మీ అన్న ఇక్కడికి వచ్చినాడు అని రాశాడు.  సంగతేమిటంటే, మా ఆయనది రిజర్వు బెటాలియన్ అయినా అది ఒక రెగ్యులర్ రెజిమెంటుకు అనుబంధం. శిక్షణ ఇవ్వడానికి రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి ఆ రెజిమెంటు నుంచే హవల్దార్లను పంపుతారు. ఆ రెజిమెంటు మా అన్నది. ఆ విడత పంపినవాళ్ళలో ఒకడు మా అన్న.

తరువాత ఇద్దరి నోటా విడివిడిగా విన్నాను కాబట్టి ఆ మొదటి పొద్దు నేను కళ్ళారా చూసినట్టే ఉంటుంది. మైదానంలో ప్లాటూన్ వరుసలు తీరింది. శిక్షణ ఇవ్వడానికి కొత్తగా వచ్చిన ఉస్తాదు ప్లాటూన్ కమాండరుకు రిపోర్టు చెయ్యాలి. అన్న దుమ్ములో చకచకా నడిచి వచ్చి, మడమలు కలిపి తల ఎత్తి చూస్తే ఎదురుగా మా ఆయన.  అన్న గొంతు సవరించుకుని, “రామ్ రామ్ సాబ్,” అన్నాడు. మా ఆయన, “రామ్ రామ్ ఉస్తాద్,” అన్నాడు. వరుసలో ఉన్న ముప్పై మందికీ వాళ్ళు బావాబావమరుదులని తెలియదు. పది రోజుల దాకా తెలియనివ్వలేదు కూడా. పని మాటే తప్ప పొల్లు మాట లేదు.

పదకొండో రోజు గాలివానకు శిక్షణ మైదానంలో కుర్రవాళ్ళు దూకే చెక్క గోడ, నడిచే దూలం కూలిపోయాయి. కొత్త చెక్క తెప్పించారు కానీ కోసేవాళ్ళు లేరు. మా ఆయన చొక్కా విప్పి పెద్ద రంపం అందుకున్నాడు. అది ఒక్కరితో అయ్యే పని కాదు, అవతలి కొన పట్టడానికి ఒక మనిషి కావాలి. ఎవరినీ పిలవకముందే అన్న వచ్చి పట్టాడు. ఇద్దరు మనుషులు ఒక రంపం లాగుతూ మాట్లాడుకోకుండా ఎంతసేపు ఉంటారు చెప్పండి. అన్నకు చేతకాక రంపం పట్టేస్తుంటే మా ఆయన, నువ్వు తొయ్యొద్దు, లాగేది లాగి వదిలెయ్యి అని నేర్పించాడట. పొద్దు వాలేసరికి గోడ లేచింది. అన్న చేతులు బొబ్బలెక్కాయి. వాటిని చూసుకుంటూ కూర్చుని అన్నాడట:

“మాకు ఒగటే పని తెలుసప్పా. మీరు రెండు మోస్తాండారు. నేను ఆ పొద్దు అట్లా అనుండకూడదు.”

మా ఆయన కూడా, తన మాట కూడా తప్పేనని, జీతానికి ఎవడూ అంత చలిలో నిలబడడని ఒప్పుకున్నాడు. ఈ సంగతి తరువాత వచ్చిన ఉత్తరంలో రెండే పంక్తులు. ఆ రెండు పంక్తులు నేను మా అత్తకు మూడుసార్లు చదివి వినిపించాను.

ఆ నెలాఖరులో బెటాలియన్ పండగని, ఆఫీసర్లూ జవాన్లూ కలిసి తినే బడాఖానాకు ఇంటివాళ్ళను కూడా పిలిచారు. నేను, పిల్లలు, అమ్మ, వదిన కుప్పంలో రైలెక్కి పోయాము. పుంగనూరులో కలిసి విడిపోవడం కాకుండా అమ్మా నేనూ ఒకే బండిలో చేసిన ప్రయాణం తొమ్మిదేళ్ళలో అదే మొదటిది. మేము పోయేసరికి కవాతు జరుగుతోంది. మా అన్న మా ఆయన ముందు నిటారుగా నిలబడి రామ్ రామ్ సాబ్ అనడం మా అమ్మాయి కంట పడింది. మామ నాయనకు ఎందుకు మొక్కుతున్నాడని అందరికీ వినబడేట్టు అడిగేసింది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. అన్న మాత్రం కవాతు అయ్యాక దాన్ని ఎత్తుకుని చెప్పాడు:

“ఈడ మీ నాయన సాబు. ఇంట్లో నేను బావను. ఈడ నేను మొక్కుతా, ఆడ ఆయప్ప మొక్కుతాడు. సరిపోయె.”

సరిపోయింది. భోజనాల వేళ ఇద్దరూ టోపీలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. అమ్మకు చదువు రాదు. ఒక టోపీ తీసుకుని దాని మీది ఇత్తడి బిళ్ళను వేలితో తడిమింది. రెండోది తీసుకుని దాన్నీ తడిమింది. రిజర్వువాళ్ళు కూడా ఆ రెజిమెంటు బిళ్ళే పెట్టుకుంటారని మా ఆడవాళ్ళకెవరికీ అంతవరకూ తట్టలేదు. అమ్మ ఇద్దరి వైపూ చూసి, కోపంగా కాదు, అలిసిపోయినట్టుగా అంది:

“రెండు టోపీల మిందా బిళ్ళ ఒగటే కదరా. ఒగే ఇంటిపేరు పెట్టుకోని, ఇన్నేండ్లు యాల మాట్లాడకుండా ఉండారు?”

 అన్న తన పళ్ళెంలోని మాంసం ముక్క తీసి మా ఆయన పళ్ళెంలో వేశాడు. వదిన, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాము. నవ్వుతూ నవ్వుతూనే నాకు ఏడుపు వచ్చింది.

అన్న ఆ బెటాలియన్‌లోనే చివరి రెండేళ్ళూ చేసి పింఛనుతో కుప్పం చేరాడు. మా ఆయన ఇంకొన్నేళ్ళు పోయి వచ్చి తానూ విరమించాడు. ఇప్పుడు ఇద్దరికీ డెబ్బై దాటాయి. కలిస్తే ఏ బెటాలియన్ కవాతు బాగుంటుందని ఇప్పటికీ వాదించుకుంటారు, వినేవాళ్ళకు అది పోట్లాటలా ఉంటుంది. పుంగనూరులో పిన్నమ్మ ఇల్లు పోయి అక్కడ రోడ్డు వెడల్పయింది. అమ్మ పోయి చాలా కాలమయింది. మా అబ్బాయి, అన్న కొడుకు ఇద్దరూ ఇప్పుడు బెంగుళూరులో ఒకే పేటలో ఉంటారు, అయినా మాట్లాడుకోరు. ఫోనులో ఎవరో పెట్టిన ఒక మాటకు ఇంకెవరో చెప్పిన జవాబు కారణమట. ఎవరిని అడిగినా నాకేం కోపం లేదంటారు, పండగకు ఇద్దరూ నా ఫోనుకు ఒకే శుభాకాంక్షల బొమ్మ పంపుతారు. మా కాలంలో అలకలు ఇంతకంటే పెద్దవే. కానీ ఎక్కడి నుంచో ఒక కాగితం వచ్చి, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, పలకరించక తప్పని పని ఒకటి చేతికిచ్చేది. ఈ పిల్లలకు అలాంటి కాగితం ఎవరు పంపుతారా అని ఒక్కోసారి అనుకుంటాను. పోయిన నెల నేనే ఇద్దరికీ ఉత్తరాలు రాశాను, పోస్టుకార్డు మీద, చేత్తో. ఇంకా జవాబు రాలేదు. పోస్టుమాన్ మా వీధికి రోజూ రావడం ఎప్పుడు మానేశాడో నేను గమనించనే లేదు.