పాలసొర తిన్న ఎలుకలు

పక్కవాటాలో ఎవరో బాలింతకు పాలసొర పుట్టు వండుతున్నారు. ఆ చేప పొడికూర వాసనకు ఎవరికైనా నోరూరుతుంది. నేను మాత్రం లేచి కిటికీ మూసేశాను. మూస్తే ఆగే వాసన కాదది. అమలాపురంలో మా కాలేజీ, జంతుశాస్త్రం ల్యాబు వెనక గది, వరసగా ఎలుకల బోనులు, వాటి ముందు స్టూలు మీద వంగి కూర్చున్న సుభద్ర మేడం కళ్ల ముందుకొచ్చారు.

తొంభైలలో నేనక్కడ డిమాన్‌స్ట్రేటరుగా చేరేసరికి మేడం పాఠాలు చెప్పుకుంటూనే ఏడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నారు. మెదడు కింద గ్రంథి నుంచి వచ్చే ఒక హార్మోను ఆగిపోతే తల్లి ఎలుకకు పాలు ఎలా ఇంకిపోతాయన్నది ఆవిడ పరిశోధన. ఈనిన ఎలుకల్లో సగానికి ఆ హార్మోను ఆగిపోయే మందు ఇచ్చి, రోజూ పొద్దున్నే పిల్లల్ని తూచేవారు. పాలు తాగిన పిల్లకు పొట్ట దగ్గర పల్చటి చర్మం కింద తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ చూడడం నాకు నేర్పింది ఆవిడే. లోకంలో ఇన్ని ఉండగా ఇదెందుకండీ అని ఓసారి అడిగాను. "నాకు పాలు పడలేదమ్మా. పిల్ల దక్కలేదు. మా అత్తగారు, మా అమ్మ, అందరూ నా తిండిదే తప్పన్నారు. నిజమేమిటో చూద్దామని," అన్నారు, తూకం మీంచి తల ఎత్తకుండానే.

అది ఆఖరి బ్యాచ్. గడువు ఆ వేసవితో సరి. ఇంక పొడిగించేది లేదని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మందు ఇచ్చిన బోనుల్లో పిల్లలు రోజురోజుకీ ముడుచుకుపోతుంటే నేను చూడలేకపోయాను. మాది కాట్రేనికోన దగ్గర సముద్రపు ఒడ్డు. పాలు పడని తల్లికి పాలసొర పెట్టకపోవడం మా ఇళ్లలో పాపం. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. తూకం నాకు అప్పగించి మేడం యూనివర్సిటీ పనిమీద వెళ్లిన మూడు రోజులూ, ఇంటినుంచి పుట్టు డబ్బాలో తెచ్చి ఆ తల్లులకు పెట్టాను.

నాలుగో రోజు మేడం గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడ నీచు వాసన ఎరగని ఇంటి మనిషి.

"ఎవరు పెట్టేరమ్మా?"

"ఆయ్, నేనేనండి. పాలు పడతాయేమోనని..."

"అన్నిటికీనా?"

"మందిచ్చినవాటికేనండి."

స్టూలు మీద కూలబడ్డారు. "అన్నిటికీ పెట్టినా బాగుండేదమ్మా," అన్నారు. అప్పుడు గానీ నేను చేసిందేమిటో నాకు తెలియలేదు. రెండు గుంపులకూ తిండి ఒకటే అయితేనే పోలిక నిలుస్తుంది. ఆ పోలికనే నేను చెడగొట్టాను. ఎవరికీ తెలియదు కదండీ, మామూలుగానే రాసుకోండని కాళ్లావేళ్లా పడ్డాను. "నాకు తెలిసిపోయింది కదమ్మా," అని పుస్తకం తీసి, తిండి మారింది కాబట్టి ఈ బ్యాచ్ లెక్కలోకి రాదని రాశారు. నా పేరు రాయలేదు. నేను పుట్టు పెట్టిన తల్లుల పిల్లల్లో ఒక్కటీ బతకలేదు. గడువు దాటిపోయింది. మేడం థీసిస్ అక్కడితో ఆగిపోయింది.

ఆవిడ ఒక్క మాట అన్నా బాగుండేది. తిట్టి ఉంటే ఏడ్చి మర్చిపోయేదాన్ని. కొన్నేళ్లకు నాకు డాక్టరేటు వచ్చింది, చేపల చెరువుల మీద. ఆ పొద్దున స్టాఫ్ రూములో అందరికన్నా ముందు లేచి నిలబడింది ఆవిడే. ఇంకో ఏడాదిలో రిటైరవ్వాల్సిన మనిషి, తన కుర్చీ నాకు జరిపి, "రండి డాక్టర్ గారూ, కూచోండి," అన్నారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగా సంతోషించారు. అదే నేను భరించలేకపోయాను. ఇప్పుడావిడ లేరు. ఎవరైనా నన్ను డాక్టర్ గారూ అని పిలిస్తే, పలకడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.