గ్రేటా ఆంటీ ఊరి వెనక కొండ

మా చిన్నప్పుడు... వారంగా ఎడతెగని వాన. ఒక మధ్యాహ్నం షెరీఫ్ ఆఫీసు కారు మైకులో అరుచుకుంటూ మా వీధంతా తిరిగింది. నది కట్ట నిలిచేలా లేదు, అందరూ ఇళ్లు ఖాళీ చేసి గుట్ట మీది హైస్కూలుకి వెళ్లిపోండి అని.

ఎనభైల మధ్యలో సంగతి. మిస్సోరి నది ఒడ్డున, పల్లంలో ఉండేది ఆ చిన్న ఊరు. నాన్న పనిచేసే పవర్ ప్లాంటు దగ్గరని అక్కడ అద్దెకి దిగాం. ఊరు మొత్తానికి తెలుగువాళ్లం మేమే... మాట కలపడానికి అమ్మకి పక్కింటి గ్రేటా ఆంటీ ఒక్కతే దిక్కు.

గ్రేటా ఆంటీ జర్మనీ మనిషి. యుద్ధం అయ్యాక అమెరికన్ సోల్జర్‌ని పెళ్లి చేసుకుని వచ్చేసిందట. ఆయన పోయాక ఒంటరిగా ఉండేది. నేను మొదటిసారి 'ఆంటీ' అన్నప్పుడు ఎగాదిగా చూసింది కానీ, తర్వాత అలవాటు పడిపోయింది.

స్కూలు అయ్యాక నేనూ అమ్మా ఆవిడ వంటింట్లోనే ఉండేవాళ్లం. రొట్టెల బల్ల మీద పొడిపిండి చల్లి, వేలితో వాళ్ల ఊరు గీసి చూపించేది... మోజెల్ నది చంద్రవంకలా తిరిగేచోట, నదికీ కొండకీ మధ్య ఇరుక్కున్న ఊరు. ఉన్నవే రెండు వీధులు. వెనక నిట్టనిలువుగా ద్రాక్షతోటలు. ఇళ్లు కొండకి ఎంత ఆనుకుని ఉండేవంటే, మేడ మీద వెనక తలుపు తీస్తే నేరుగా కొండదారేనట. నది ఒడ్డున, పూర్వం పడవల దగ్గర సుంకం వసూలు చేసిన రాతి బురుజు. యుద్ధం చివర్లో సొంత సైన్యమే కూల్చేసి పోయిన వంతెన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ వేలు కాసేపు ఆగిపోయేది.

నాకు చర్చి గోడ కథ ఇష్టం. వరద ఎంత ఎత్తు వస్తే అంత ఎత్తున రాతిలో గీత చెక్కి, పక్కన సంవత్సరం వేసేవారట. అన్నిటికన్నా పై గీత, నదికి మంచుగడ్డలు అడ్డం పడ్డప్పటిది.

"అయినా మేం ఊరు వదల్లేదు. సామాను పైకి మోసుకుని, మేమూ పైనే కూర్చునేవాళ్లం. రెండ్రోజుల్లో నది దిగిపోయేది" అని గర్వంగా చెప్పేది.

షెరీఫ్ కారు వచ్చిన ఆ రోజూ అదే పని మొదలుపెట్టింది. నాన్న మా సామానూ, తమ్ముణ్ణీ కారెక్కించి సిద్ధంగా ఉంటే, ఈవిడ రేడియో, దుప్పట్లు, బ్రెడ్డు మేడ మీదికి చేరవేస్తోంది. అమ్మ నన్ను చెయ్యి పట్టి లాక్కుని ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. అమ్మకి ఇంగ్లీషు మాట తట్టనప్పుడల్లా అందించడం నా పని.

"మీరు వెళ్లండి, సుశీలా. నేను వరదల మధ్య పెరిగినదాన్ని" అంది ఆంటీ.

బయట నాన్న హారన్ మోగించాడు. కంగారొస్తే మా నాన్న నోటితో కాదు, హారన్‌తో మాట్లాడేవాడు. లాభం లేక తనే గుమ్మంలోకి వచ్చాడు.

"సుశీలా, రోడ్డు మీదికి నీళ్లొస్తున్నాయి. ఇంకాసేపైతే కారు కదలదు. ఆవిడ వినకపోతే మనమేం చేస్తాం?"

"ఏవండీ, ఈవిణ్ణి వదిలేసి నేను రాను. మీరు పిల్లల్ని తీసుకెళ్లండి."

అమ్మ నాన్నకి ఎదురు చెప్పడం నేను అప్పటిదాకా చూడలేదు. నాన్న కూడా చూసినట్టు లేదు. అమ్మ నిజంగానే ఉండిపోతుందని తెలిసిపోయింది.

అమ్మది గోదావరి లంక. తన చిన్నతనంలో వరదొస్తే వాళ్ల పెదనాన్న ఇంటి కాపలాకని అటకెక్కి ఉండిపోయాడట. వరద తీసి పడవ వెళ్లేసరికి ఇల్లూ లేదు, ఆయనా లేడు. ఈ సంగతి అమ్మ ఎప్పుడూ ఎత్తలేదు, చాలా ఏళ్ల తర్వాత అమ్మమ్మ చెప్పింది.

అమ్మ పిండి డబ్బా మూత తీసింది. చిటికెతో, ముగ్గు వేసినట్టే, గబగబా బల్ల మీద గీసింది. ఆంటీ వాళ్ల నది, రెండు వీధులు, కొండ. మేడ తలుపు నుంచి కొండ మీదికి ఒక గీత లాగింది. దాని పక్కన ఇక్కడి నది... బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి. ఒడ్డున ఒక చుక్క పెట్టి, ఇదే ఈ ఇల్లు అంది. చుక్క వెనకంతా ఖాళీ బల్ల.

"వేర్ ఈజ్ ది హిల్, గ్రేటా గారూ?"

గుట్ట ఎక్కడో దూరాన, మధ్యలో అన్నీ మొక్కజొన్న పొలాలే.

"ఈ నది వచ్చి కూర్చుంటుంది, రెండ్రోజుల్లో పోదు, మా గోదావరీ ఇంతే అని చెప్పవే" అంది అమ్మ నాతో. నేను చెప్పాను.

ఆంటీ ఆ చుక్కనే చూస్తూ నిలబడింది. బయట మళ్లీ హారన్. చివరికి చేతిలోని రేడియోని పిండిలోనే పెట్టేసి, కోటు తగిలించుకుంది.

కారు కదిలేసరికి చక్రాలు సగం మునిగి ఉన్నాయి. స్టీరింగ్‌ని బిగించి పట్టుకున్న నాన్న చేతులు చూసి తమ్ముడు కూడా ఏడుపు మానేశాడు. గుట్ట ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే, మేం వచ్చిన రోడ్డు లేదు.

నది వారం దాటినా కదల్లేదు. నీళ్లు తీశాక ఆంటీతో కలిసి ఆవిడ ఇంటికి వెళ్లాం. మేడ మీద, ఆవిడ మంచం తలాపికి పైన, గోడంతా బురద గీత. ఆంటీ ఆ గీత మీద చెయ్యి ఆనించింది. తర్వాత వంటింటి కత్తి తెచ్చి, తలుపు చట్రం మీద సరిగ్గా ఆ ఎత్తున ఒక గీత చెక్కింది. పక్కన సంవత్సరం వేస్తుందనుకున్నాను... ఒక్కొక్క అక్షరమే, అమ్మ పేరు చెక్కింది.

ఇప్పుడు ఆ వీధే లేదు. మళ్లీ వరదొస్తుందని ఇళ్లన్నీ తీసేసి గడ్డి పరిచేశారు. ఆంటీ పోయింది, ఆ తలుపూ పోయింది. మొన్న ఇక్కడ, నేనిప్పుడు ఉంటున్న ప్లేనో ఊళ్లో, ఫోన్‌కి వరద హెచ్చరిక వచ్చిందని అమ్మకి చెప్తే, భయపడుతుందనుకున్నాను. "పక్కింటివాళ్లకి చెప్పావా?" అంది. పక్కింట్లో ఎవరుంటున్నారో నాకు తెలియదు...

మీ చిన్నప్పటి పక్కింటివాళ్ల పేర్లు కింద రాయండి. ఎక్కడో ఒకచోట చెక్కి ఉండాలి కదా.