మా హీరోకు నాలుగింటికి వచ్చే ఫోన్

ఆ రోజుల్లో నేను ఎవర్నీ నమ్మేవాణ్ణి కాదు. ఇరవై మూడేళ్ల వయసు, ఖమ్మంలో మేడమీద రేకుల గది, పేరుకు గ్రూప్స్ కోచింగ్. నిజానికి రాస్తున్నది సినిమా కథ. లోకంలోని దర్శకులంతా పనులు మానుకుని నా కథ కొట్టేయడానికి ఖమ్మం బస్టాండులో దిగుతున్నారని నా గట్టి నమ్మకం. అందుకే కథ రాసుకున్న నోట్‌బుక్ అట్టమీద 'ఇండియన్ పాలిటీ' అని పెద్దక్షరాలతో రాసిపెట్టాను. (ఆ పేరు చూశాక మా గదికి వచ్చినవాళ్లెవరూ దాన్ని వేలితో కూడా తాకలేదు.)

కథ చెప్తే ఇప్పుడు మీరు నవ్వుతారు. ముగ్గురు పెళ్లికాని కుర్రాళ్లు. టౌన్లో వాళ్లకు ఎవరూ గది కిరాయికి ఇవ్వరు. చివరికి అడవి అంచున ఓ పాత ఇంట్లో చేరి, జన్మలో పెళ్లి చేసుకోమనీ, ఒకర్నొకరు విడవమనీ ఒట్టు పెట్టుకుంటారు. ఆ ఊరికి కొత్త టీచరమ్మ రాగానే ఎవరికి వాళ్లు చాటుగా గడ్డాలు గీసుకోవడం మొదలుపెడతారు. (టీచరమ్మ వేషానికి మాకు ఎవరూ దొరకలేదు. సినిమా మొత్తంలో ఆమె గొడుగు మాత్రమే కనిపిస్తుంది.) ముగ్గురిలో ఒకడు నాతో పాటు గదిలో ఉండే, పెనుబల్లి నుంచి వచ్చిన పొడుగోడు. అద్దంలో బాగుంటాడని వాణ్ణి హీరో అనేవాళ్లం. రెండోవాడు కెమెరా భాయ్. వాళ్ల నాన్నకు ఖమ్మంలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు లేని నెలలో ఆ కెమెరా మాది. మూడో బ్రహ్మచారిని, రచయితను, దర్శకుణ్ణి నేనే.

ముదిగొండలో అమ్మకు మాత్రం ఫోన్ చేసి, "టెస్టులున్నయమ్మా, ఫోన్లు లోపలికి రానియ్యరు, రెండు వారాలు చెయ్యకు," అని చెప్పి భద్రాచలం బస్సెక్కాను. హీరో మేనమామ ఆ అడవి పక్క ఊళ్లో టీచరు. సెలవులకు పోతూ తన ఇంటి తాళాలు మాకిచ్చాడు. దిగిన రోజే ఊరు మమ్మల్ని అనుమానించింది. కెమెరాకూ మనిషికీ దూరం చూసుకోవడానికి భాయ్ చేలో టేపు పరిచాడు. అంతే, ఊరి పెద్దాయన ఒకాయన చేతికర్రతో వచ్చి గట్టుమీద కూర్చున్నాడు. "పోడు భూములు కొలిచెటందుకు వచ్చిండ్రా?" అన్నాడు. (అడవి నరికి సాగుచేసుకున్న ఆ చేలను సర్కారోళ్లు కొలిచి లాక్కుంటారని ఊరి భయం.) సినిమా అని చెప్పాం. "అవ్, పోయిన పాలి వచ్చినోళ్లు గూడ ఏదో చెప్పిన్రు," అని రోజూ వచ్చి కూర్చునేవాడు.

ఆయన మమ్మల్ని కాపలా కాస్తుంటే, నేను హీరోని కాపలా కాసేవాణ్ణి. కారణం ఉంది. సాయంత్రం నాలుగు కాగానే వాడు తల దువ్వుకుని మాయమయ్యేవాడు. ఊళ్లో ఫోన్ సిగ్నల్ అందేది ఒక్క నీళ్లట్యాంకు మెట్లమీదే. వాడు పోయేదీ అటే. వచ్చేటప్పుడు ముసిముసి నవ్వులు.

"ఏడికి పోయినవ్‌రా?"

"గాలికి."

"ఈడ గాలి లేదా?"

"ఈడ నువ్వున్నవ్ కదరా."

ఓ రోజు భాయ్ నన్ను బావి వెనక్కి లాక్కుపోయాడు. "భయ్, నా చెవులతోని విన్న. 'డైరెక్టర్‌కి అనుమానం రాలే' అంటుండు ఫోన్ల."

"ఎవరితోని?"

"తెల్వదు. మీరు, మీరు అంటుండు. పెద్ద పార్టీయే ఉంటది."

నాకు అర్థమైపోయింది. హైదరాబాదులో ఎవడో నిర్మాత వీణ్ణి ఎగరేసుకుపోతున్నాడు. ఇంకా క్లైమాక్స్ తీయలేదు. మూడు రోజుల్లో కెమెరా తిరిగివ్వాలి. వాడు పోతే సినిమా చచ్చినట్టే. అదే రోజు నాకు జ్వరం తగిలింది. హీరో ఎక్కడినుంచో గోళీలు తెచ్చాడు, వేణ్ణీళ్లిచ్చాడు, నుదుటి మీద చెయ్యేసి చూశాడు. మనిషికి ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొస్తుంది, లోపల ఏదో లేకపోతే? గోళీ నాలుక కింద దాచి, వాడు అటు తిరగ్గానే ఊసేశాను. (జ్వరం ఇంకో రోజు హాయిగా ఉండిపోయింది.)

మర్నాడు నాలుగింటికి, ఒళ్లు కాలిపోతున్నా ట్యాంకు పక్కన పత్తి చేలో బోర్లా పడుకున్నాను. పైమెట్టు మీద హీరో గొంతు స్పష్టంగా వినిపిస్తోంది.

"అవ్... ఇంక రెండు రోజులే. అయిపోంగనే వచ్చేస్తం... వానికేం తెల్వదు, ఒట్టు... మీరు చెప్పినట్టే మందు గూడ ఇచ్చిన..."

మందు! ఆ గోళీ ఊసేసి బతికిపోయాననుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి పెద్దాయన గొంతు: "ఏంది, ఇయ్యాల పండుకొని కొలుస్తున్నవా?"

ఇక దాక్కోవడానికి ఏముంది. లేచి నాలుగంగల్లో మెట్లెక్కి, హీరో చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. "ఎవడివిరా నువ్వు? నా హీరోనే ఎత్తుకపోదామనుకుంటున్నవా? ఈ రాష్ట్రంల నీకు వేరే మనిషి దొరకలేదా? ముందుకొచ్చి మాట్లాడు, దమ్ముంటే!"

అటువైపు నుంచి నెమ్మదిగా ఓ గొంతు: "జ్వరం తగ్గిందా కొడుకా?"

అమ్మ.

మెట్టు మీద కూలబడ్డాను. "గింతగనం ఒర్లుతున్నవంటే తగ్గినట్టే," అంది అమ్మ. నేను క్లాసుకు రావడం లేదని మూడో రోజే కోచింగ్ వాళ్ల మెసేజ్ ఆమె ఫోన్‌కు వచ్చిందట. నా ఫోన్ కలవక హీరోకు చేస్తే, అప్పుడు ట్యాంకు మెట్లమీదున్న వాడికి కలిసింది. వాడు రెండు నిమిషాలు కూడా నిలబడలేక అంతా కక్కేశాడు. అప్పట్నుంచీ రోజూ నాలుగింటికి నేను తిన్నానా, పడుకున్నానా అని వాడు లెక్క అప్పజెప్పాలి.

"మరి నాకెందుకు చెప్పనియ్యలేదమ్మా?"

"చెప్తే సగంల ఇడిసిపెట్టి ఉరికొస్తవు. ఇంటర్ల కబడ్డీ ఇడిసిపెట్టినవ్, డిగ్రీల ఎన్‌సీసీ ఇడిసిపెట్టినవ్. ఇదన్న పూర్తి చెయ్యి. మీ నాయనకు నేను చెప్పలే. అయిపోయినంక బుద్ధిగ పుస్తకం పట్టు."

"సరేనమ్మా" అన్నాను. కింద నిలబడ్డ పెద్దాయన నా మొహం చూసి హీరోని అడిగాడు, "ఫోన్ల ఎవరు? మీ పై ఆఫీసరా?"

"అవ్ పెద్దాయనా," అన్నాడు హీరో, "పై ఆఫీసరే."

ఆ క్షణంలో వాడి కాళ్లమీద పడాలి. నేను పడలేదు. డైరెక్టర్ని కదా. "రేపు క్లైమాక్స్, జల్దీ లేవాలె," అన్నాను, ఎటో చూస్తూ.

"లేస్త గని, ముందు గోళీ మింగు," అన్నాడు వాడు. "నువ్వు ఊసింది మంచం కింద దొరికింది."

తెలిసీ ఏమీ అనలేదన్నమాట! ఆ సాయంత్రం గోళీ మింగి, వాడి ముందే నోరు తెరిచి చూపించాను. నాకు తెలిసిన క్షమాపణ అంతే.

సినిమా పూర్తయింది. భాయ్ ముక్కలన్నీ కూర్చి ఇంటర్నెట్‌లో పెట్టాడు. చూసినవాళ్లలో సగం మంది మా చుట్టాలు, మిగతా సగం హీరో చుట్టాలు. ఏడాదిన్నర తర్వాత నాకు బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. హీరో సత్తుపల్లిలో మొబైల్ షాపు పెట్టి, మా అందరికంటే ముందు పెళ్లి చేసుకున్నాడు.

మొన్నో ఆదివారం ఆ సినిమా మళ్లీ పెట్టుకుని చూశాను. భాయ్, హీరో భుజాల మీద చేతులేసుకుని పగలబడి నవ్వుతున్నారు. వాళ్ల పక్కనే ఓ బక్క పిల్లాడు, నవ్వాల్సిన చోట కూడా ఇద్దర్నీ ఓరకళ్లతో జల్లెడ పడుతున్నాడు. నటన కాదది, అసలు మొహమే. ఒరే నాయనా, కాస్త ఆ కళ్లు దించుకుని వాళ్లతో పాటు నవ్వరాదా అని చెప్పాలనిపించింది. వాడు నా మాట మాత్రం ఎందుకు నమ్ముతాడు? వాడి బదులు నేనే కాసేపు నవ్వుకున్నాను.