ముడిమ్యాల సున్నా

1938 ఎండాకాలంలో టీకాల కుర్మయ్యకు ఒకటే పట్టుదల, శానిటరీ ఇన్‌స్పెక్టరు పరీక్ష పాస్ కావాలి. ఉర్దూలో మిడిల్ గట్టెక్కాడు. సూది పట్టి ఆరేళ్లయింది. అయితే ఆ చదువుకు చేవెళ్ల తాలూకా నుంచి ఏడాదికి ఒక్కరినే పట్నం పంపుతారు, అదీ ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే. అతనికి ఇరవై ఆరు. తాలూకా డాక్టరు సిఫారసు చిట్టీ రాసిస్తే పోవడం, లేదంటే ముసలివాడయ్యేదాకా ఊరూరా తిరిగి పిల్లల జబ్బలు గీకుతూ బతకడం.

డాక్టరు ఒక పని అప్పజెప్పాడు. ముడిమ్యాలలో నారికురుపు ఎందరికి ఉందో ఇల్లిల్లూ తిరిగి రాసుకురావాలి. లెక్క బాగుంటే చిట్టీ కుర్మయ్యకు, లేకుంటే బాలకిషన్‌కు. బాలకిషన్ మొయినాబాద్ కోమట్ల పిల్లవాడు, అతనిదీ టీకాల కొలువే.

ఎండలు ముదిరాయంటే ఆ ఊళ్లలో కాలి మీద బొబ్బ లేచి పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. పూర్తిగా రావడానికి నెల పడుతుంది. నడుమ తెగితే కాలు చీము పట్టి మనిషి మంచాన పడతాడు.

ముడిమ్యాల కుర్మయ్య సొంత ఊరు, కొలువు కోసం ఉండేది మాత్రం చేవెళ్లలో. పొద్దున వచ్చి సాయంత్రం పోతూ రెండు రోజుల్లో నూట నలభై గడపలు తిరిగాడు. పుస్తకం తెరిచి, దర్వాజ ముందు నిలబడి, సర్కారు గొంతుతో అడిగాడు.

"ఈ ఇంట్ల నారికురుపు ఎవరికన్న ఉన్నదా?"

"లేదు బిడ్డా."

అందరిదీ అదే మాట. తన ఇంటి ముందు కూడా నిలబడి నవ్వుతూ అడిగాడు. తల్లి రాములమ్మ లోపలి నుంచే "లేదు, పో" అంది. చివర్న సున్నా వేసి డాక్టరుకిచ్చాడు. డాక్టరు పొంగిపోయాడు. పోయినేడు పురుగు చావాలని ఊరి మెట్లబావిలో సున్నం పోయించింది ఆయనే. తన సున్నం గెలిచిందని పైవాళ్లకు రాసుకున్నాడు, కుర్మయ్యకు చిట్టీ తయారు చేయమని గుమాస్తాకు చెప్పాడు.

శుక్రవారం సర్కారు సెలవుకు కుర్మయ్య ఇంటికొచ్చాడు. తల్లి మంచం దిగలేదు. దుప్పటి తొలగించి చూస్తే చీలమండ దగ్గర పుల్ల, పుల్లకు చుట్టిన దారం.

"అవ్వా, నేనడిగితే లేదన్నవు గదా!"

"మరేమంటరా? అది సగం బయటికొచ్చినంక దాని పేరు తీయొద్దు. తీస్తే లోపల్నే తెగుతది. నువ్వేమో దర్వాజ కాడ నిలబడి దండోరా ఏసినట్టు దాని పేరు తీస్తివి. నీ నౌకరి కోసం నా కాలు పోగొట్టుకోవాల్నా?"

"నాకు ముందే చెప్పొద్దా?"

"చిన్నప్పుడు నీ కాలుకూ వచ్చింది. మూతి మీద ఏలేసుకొని నెల దినాలు గమ్మున కూసున్నవు. గదంత మర్శినవా? బుక్కు చేతికి రాంగనే బుద్ధి పోయిందా?"

కుర్మయ్యకు చెంప మీద కొట్టినట్టయింది. మంచి ప్రశ్నే అడిగాననుకున్నాడు. ఊరికంతా తెలిసిన కట్టుబాటు తనకొక్కడికే మరుపుకొచ్చింది. మర్నాడే మళ్లీ మొదటి గడప నుంచి మొదలుపెట్టాడు. ఈసారి రోగం పేరెత్తలేదు.

"నెల దినాల సంది పనికి పోనోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నరెందుకు లేరు, మా కోడలున్నది," అంది శంకరమ్మ అనే ముసలామె. "కాలు కింద పెడ్తలేదు. చూస్తే చూడు, నోరు మాత్రం తెరవకు."

మూడు రోజుల్లో నలభై ముగ్గురు తేలారు. వాళ్లలో నలభై ఒక్కరివి మెట్లబావి నీళ్లు తాగే ఇళ్లు. చేదబావి వాడకట్టులో ఇద్దరే. ఆ ఇద్దరి దగ్గర కుర్మయ్య ఒక పూటంతా కూర్చున్నాడు. వాళ్లు కలుపుకు పోయేది మెట్లబావి పక్క చేనుకేననీ, దప్పికైతే దిగి తాగుతారనీ తేలింది. కురుపున్నవాళ్లు మెట్లు దిగి నీళ్లలో కాళ్లు పెడితే పురుగు పిల్లలు అందులో పడుతున్నాయి, ఆ నీళ్లు తాగినవాళ్లకు ఆ బావే కురుపులు పంచుతోంది. సున్నం పోస్తే పోయే పీడ కాదది. మెట్లు మూసి, గోడ కట్టి, గిరక పెట్టాలి.

కొత్త పుస్తకం చంకలో పెట్టుకుని చేవెళ్ల నడిచాడు. ఇది ఇస్తే చిట్టీ పోతుందని అతనికి తెలుసు. అయినా ఇచ్చాడు.

"మొన్న సున్నా అన్నావు, ఇయ్యాల నలభై మూడు అంటున్నావు," అన్నాడు డాక్టరు. "నీలో ఏ అబద్ధాలకోరును పట్నం పంపాలి?"

"మొన్నటోన్ని పంపకండి సాబ్."

డాక్టరు ఆ ఇద్దరు కుర్మయ్యల్లో ఎవరినీ పంపలేదు. బాలకిషన్‌ను పంపాడు. బస్సెక్కే రోజు బాలకిషన్ నవ్వాలో వద్దో తెలియక నవ్వాడు.

"ఏం కుర్మన్నా, నీ నోటికాడి బుక్క తీసి నా నోట్ల పెడ్తివి గదనే!"

"నములు మంచిగ. వచ్చినంక పరీక్షల ఏమేం అడిగిండ్రో చెప్పు."

ఏడ్చుకుంటూ కూర్చునే రకం కాదు కుర్మయ్య. మరుసటి ఎండాకాలం కనకమామిడి, దాని చుట్టూ ఇంకో నాలుగు ఊళ్లు తిరిగాడు. ఎవరూ తిరగమనలేదు. టీకాలు వేసి, ఆ గడపలోనే పనికి పోనివాళ్ల గురించి అడిగి, ఏ బావి నీళ్లని రాసుకున్నాడు. ప్రతి ఊరి కాగితం డాక్టరు బల్ల మీద పెట్టాడు. డాక్టరు చదివాడో లేదో చెప్పలేదు. ఆ ఏడూ చిట్టీ ఇంకొకరికి పోయింది.

1940లో కుర్మయ్యకు ఇరవై ఎనిమిది నిండడానికి రెండు నెలలుందనగా డాక్టరు ఆ కాగితాలు చేతపట్టుకుని చెప్పాపెట్టకుండా ముడిమ్యాలలో దిగాడు. కుర్మయ్యను వెనక నిలబెట్టి ఆరు గడపల్లో తనే రోగం పేరెత్తి అడిగాడు. ఆరుచోట్లా "లేదు దొరా" అన్నారు. ఏడో గడప శంకరమ్మది. అక్కడ కుర్మయ్య మెల్లగా తన ప్రశ్న అడిగాడు. ఇంటివాళ్లు పక్కకు జరిగారు. లోపల గోడకానుకుని ముగ్గురు కాళ్లు చాపుకుని కూర్చున్నారు, ముగ్గురికీ పుల్లలు.

డాక్టరు ఏదో అనబోయాడు. శంకరమ్మ చప్పున ఆయన ముందు చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరు తీయకు దొరా, నీ కాళ్లు మొక్కుతా!"

బయటికొచ్చాక ఆయన అరుగు మీద కూర్చుని చిట్టీ అక్కడే రాశాడు. రాస్తూ రాస్తూ విసుక్కున్నాడు.

"నా సున్నం సంగతి నేను చూసుకుంటాను. కానీ పరీక్ష నేను రాయలేను. నీ ఉర్దూ రాత గోడకెక్కిన బల్లిలా ఉంటుంది."

"రాసేది నేనే గద సాబ్."

పట్నంలో మొదటిసారి తప్పాడు, ఉర్దూలోనే. వయసు కట్టడి పంపేటప్పుడే, మళ్లీ రాయడానికి లేదు. పగలు టీకాలు వేసుకుంటూ ఎనిమిది నెలలు కాపీ పుస్తకం దిద్దాడు. రెండోసారి పాసయ్యాడు, ముప్పై నలుగురిలో ఇరవై తొమ్మిదోవాడిగా. సర్టిఫికెట్టు మడత పెట్టి జేబులో వేసుకుని, ముడిమ్యాల మెట్లబావి మూయించాలని దర్ఖాస్తు రాయడానికి ఆ సాయంత్రమే కూర్చున్నాడు.