అడ్డసరం ఆకుల వాసన

మా పిన్ని ఈ మధ్యాహ్నం సంచి నిండా అడ్డసరం ఆకులు పట్టుకుని రాజమండ్రి ఆసుపత్రికి వచ్చింది. వార్డంతా ఆ పచ్చి వాసనే. నాకు చిన్నతనం గుర్తొచ్చింది. నిడదవోలులో మా పెరటి దడి పక్కన ఆ మొక్క ఉండేది. కఫంతో నా ఛాతీ పట్టేసినప్పుడల్లా అమ్మ ఆ ఆకుల్ని ఉడుకుతున్న అన్నం గిన్నె మూత మీద వాడ్చి, పాత చీర ముక్కలో పిండి, తేనె కలిపి తాగించేది. ఎంత తేనె వేసినా చేదే. కాసేపయ్యాక నా వీపుకి చెవి ఆనించి వినేది.

"తగ్గిపోయిందే, పడుకో" అనేది. నేను నమ్మి పడుకునేదాన్ని.

ఇప్పుడు అమ్మ ఊపిరితిత్తుల నిండా కఫం. మాస్కు పెట్టినా ఊపిరి అందడం లేదు.

"ఒక్క చుక్క నాలిక్కి రాయనివ్వండి" అని డాక్టరు గారిని బతిమాలాను.

"ఆవిడ మింగలేరండి. లోపలికి పోతే ఇంకా ప్రమాదం."

ఏం చెయ్యాలో తోచక అమ్మ వీపుకి చెవి ఆనించాను. లోపల అన్నం ఉడుకుతున్నట్టు కుతకుత. అమ్మ మెల్లగా తల తిప్పి నా మొహం చూసింది.

"తగ్గిపోయిందమ్మా, పడుకో" అన్నాను.

చిన్నప్పుడు నా వీపులో అమ్మకి ఏం వినిపించేదో ఇవాళ తెలిసింది.